మస్టర్‌లో లేని పేరు

2024 ఫిబ్రవరి 5, సోమవారం

నిరుద్యోగ భృతి మొదటి నెలది పడింది. ఉద్యోగం లేదని నెలనెలా ఫోన్‌లో చెప్పాలట. ఈ రోజే రాబర్ట్‌సన్‌పేటలో శ్రీకంఠయ్య గారి బట్టల కొట్లో చేరాను. మధ్యాహ్నం నుంచి కొట్టు మూసేదాకా. పార్ట్ టైమ్.

దీన్ని పని అని చెప్పాలా అని నాయన్ను అడిగాను. ఇక్కడి బంగారు గని మూసేదాకా లోపలికి దిగిన మనిషి. హాజరు మస్టర్‌లో పేరుండాదా, నంబరు టోకెన్ ఇచ్చినారా అన్నాడు. లేదన్నాను. ఇంగ అది పనెట్లయితుందమ్మా అని నవ్వాడు.

మా ఇంట్లో పనంటే భూమి కింద చేసేదే. అమ్మ పొద్దస్తమానం అగరబత్తీలు చుడుతుంది. ఎవరైనా అడిగితే, ఊరికే ఇంట్లో ఉండాది అంటాడు నాయన.

ఫోన్‌లో 'లేదు' నొక్కాను.

ఫిబ్రవరి 21

చీరకు మ్యాచింగ్ లంగా చూపించడం చేతనయింది. గుడ్డ మీద చాక్‌తో గీత గీసి కత్తిరించడం కూడా.

మార్చి 12

అనుమానం పోలేదు. భృతి ఇచ్చే ఆఫీసుకు పోయి, మా ఫ్రెండ్ ఒకతి అని మొదలుపెట్టి అడిగాను. కౌంటర్‌లో ఆవిడ కన్నడంలో విసుక్కుంది. ఒక్క పూటయినా జీతం తీసుకుంటే పనే. చెబితే భృతి ఆగుతుంది. చెప్పక దొరికితే తిరిగి కట్టాలి.

వచ్చేస్తుంటే వెనక్కి పిలిచింది. ఆఫీసుకొచ్చేటప్పుడు చేతులు కడుక్కోమని మీ ఫ్రెండ్‌కు చెప్పమ్మా అంది. చూసుకుంటే నా బొటనవేలంతా నీలం చాక్.

భృతి, జీతం, ఏ ఒక్కటీ చాలదు. రెండూ ఉంటేనే ఇల్లు నడుస్తుంది. ఈ నెలా 'లేదు' నొక్కాను.

మార్చి 14

శ్రీకంఠయ్య గారికి సంగతి చెప్పాను. దానికేమమ్మా, ఎవరన్నా వస్తే మా ఇంటి పిల్ల అని చెప్తాను, భయపడొద్దు అన్నాడు. మంచి మనిషి అనుకున్నాను.

ఏప్రిల్ 9

వాళ్లావిడ అంబుజమ్మ కాఫీ లోటాలు కడగమంది. బియ్యం ఏరమంది. ఇంటి పిల్లవే కదా అంది. మార్చి జీతం అడిగితే, ఇంట్లోవాళ్లకు జీతమేంటి తల్లీ, ఇస్తాములే అని శ్రీకంఠయ్య గారి నవ్వు.

మే 2

ఇంకా ఇవ్వలేదు.

జూన్ 18

బెంగుళూరులో ఒక షోరూమ్ వాళ్లు రమ్మన్నారు. ఫుల్ టైమ్. ఎక్స్‌పీరియన్స్ లెటర్ తెస్తేనే.

శ్రీకంఠయ్య గారిని అడిగాను. గొంతు పెంచలేదు. పని లేదని నెలనెలా సర్కారుకు నువ్వే చెప్తివి కదమ్మా, ఇప్పుడు చేసినావని నేనెట్ల రాసేది, ఇద్దరమూ ఇరుక్కుంటాము అన్నాడు. ఒక జాకెట్ గుడ్డ చేతిలో పెట్టాడు. దాన్ని నేనే కత్తిరించాను నిన్న.

ఇంటికొచ్చి చెబితే నాయన లేచి చొక్కా వేసుకున్నాడు. మస్టర్ తీసి చూసి రాయమను, యాడికి పోతుంది నీ పేరు అన్నాడు. గడప దగ్గర ఆగిపోయాడు. చొక్కా విప్పి మళ్లీ కొక్కేనికి తగిలించాడు.

షోరూమ్ వాళ్లకు ఫోన్ చేయలేదు. కొట్టు మానేశాను.

జూలై 3

అమ్మ పక్కన కూర్చుని అగరబత్తీలు చుడుతున్నాను. ఎవరో వస్తే నాయన చెబుతున్నాడు, తల్లీ బిడ్డా ఊరికే ఇంట్లోనే ఉండారు అని.

ఫోన్‌లో 'లేదు' నొక్కాను. వేలికి అగరబత్తీల నల్లపొడి, ఫోన్ తీసుకోలేదు. చేతులు కడుక్కొచ్చి మళ్లీ నొక్కాను.