తల్లే చూసుకుంటుందట

పై వాటాలో ఉంటున్న వదినగారికి,

కింది వాటాలో కుట్టుమిషను ముందు కూర్చుని మరదలు రాయడమేమంటే, మీరు క్షేమమేనని అన్నయ్య చెప్పాడు. నేనూ క్షేమమే, మీరు అడగకపోయినా.

మీ కుళాయి పుణ్యమా అని నేను కుట్టిపెట్టిన పదకొండు జతల స్కూలు యూనిఫారాలు తడిసి ముద్దయిన రోజు నుంచి మనకు మాటల్లేవు. ఎనిమిది నెలలు. ఇకముందూ మాట్లాడే ఉద్దేశం లేదు. ఇది మాట కాదు, ఉత్తరం. కాబట్టి నా పంతానికి ఏ లోటూ రాలేదు.

పొద్దున్న పెరట్లో చెట్టు మొదట్లో తెల్లగా ఏదో కనిపించింది. దిండు చిరిగి దూది పడిందనుకున్నాను. దగ్గరికెళ్తే ఆ దూదికి రెండు కళ్ళున్నాయి. గుడ్లగూబ పిల్ల! మీ బాల్కనీ పక్కనున్న తొర్రలోంచే పడింది. నిన్న మీరు బాల్కనీలో దుప్పట్లు దులిపారు. ఆ దులుపుడుకి పిల్లేమిటి, చెట్టు పడనందుకు సంతోషించాలి.

పాపం, దానికి ఎగరడం కూడా రాదు. గుడ్డపీలికల బుట్టలో పడుకోబెట్టి, పాలలో బిస్కెట్టు నానబెట్టి పెట్టాను. ముట్టుకోలేదు. తల్లి బెదిరి పారిపోయి ఉంటుంది. దీనికంతటికీ బాధ్యత మీదే.

ఇట్లు,
పదకొండు జతలూ ఉతికి మళ్ళీ ఇస్త్రీ చేసిన మరదలు

తా.క.: రెప్ప వేయకుండా, తల మొత్తం వెనక్కి తిప్పి మరీ చూస్తోంది. కాపురానికొచ్చిన కొత్తలో మీరు మా అమ్మ వంటింటిని ఇలాగే చూశారు.

*

కింది వాటా మరదలికి,

ఆశీస్సులు. వద్దన్నా వస్తాయి, పెద్దదాన్ని కదా.

ఇరవై ఏళ్ళు 'నువ్వు' అని పిలిచి ఇప్పుడు 'మీరు' అని రాశావు. కోపం ఇంకా పచ్చిగానే ఉందన్నమాట.

ముప్ఫై ఒక్క ఏళ్ళు పిల్లల వార్డులో నర్సుగా చేశాను. ఏ పిల్ల పడిందో, ఏ పిల్లని ఎత్తుకుపోయారో చూడగానే చెప్పగలను. నిన్న సాయంత్రం తల్లి గుడ్లగూబ ముక్కున ఎలుకను పట్టుకుని మా కొమ్మ మీద అరగంట కూర్చుంది. కూర్చున్నంత సేపూ నీ పెరటివైపే చూసింది. నీ పిల్ల బుట్టలో బిస్కెట్టు ముందు కూర్చుని ఉందమ్మా అని దానికెవరు చెప్పాలి? వెంటనే చెట్టు మీద పెట్టెయ్. పాలు మాత్రం పట్టకు, చస్తుంది.

మీ అన్నయ్యని నిచ్చెన ఎక్కమన్నాను. "చూద్దాం" అన్నాడు. ఆ 'చూద్దాం' సంగతి నీకు తెలుసు. కుళాయికి వాషరు మార్చమంటే అన్న 'చూద్దాం' ఇంకా నడుస్తూనే ఉంది.

ఇట్లు,
దుప్పట్లు మెల్లగానే దులిపే వదిన

తా.క.: ఈ ఉత్తరం తెచ్చే మీ అన్నయ్యకి టీ ఇవ్వకు. ఇక్కడ తాగే బయల్దేరాడు.

*

వదినగారికి,

తాగలేదన్నాడు. ఇచ్చేశాను.

అసలు సంగతికొస్తాను. మీకు పిల్ల కావాలంటే అడగొచ్చు. దొంగతనం దేనికి? తెల్లారి వెనక వరండాలోకి వెళ్తే బుట్ట ఖాళీ. తల ఎత్తితే ఏముంది, దొరగారు మీ బాల్కనీ పక్క కొమ్మ మీద! ఎగరడం రాని పిల్ల అంత ఎత్తుకి ఎలా చేరింది? మెట్లు దిగి, నా వరండాలోకి వచ్చి, నా బుట్టలో చెయ్యి పెట్టి తీసుకెళ్ళారు. పోనీ తీసుకెళ్ళినవాళ్ళు సరిగ్గా చూసుకున్నారా? మధ్యాహ్నానికి మళ్ళీ నేల మీద. మళ్ళీ నా బుట్టే దిక్కయింది.

ఇంకో సాక్ష్యం కూడా ఉంది. నిన్న అది నల్లటి ఉండ ఒకటి కక్కింది. సూదితో విప్పి చూస్తే లోపల బొచ్చూ, ఎలుక ఎముకలూ. నేను పెట్టింది బిస్కెట్టు. ఎలుకను ఎవరు పెట్టారు? మీ చేతుల మీదుగా ఇంకా ఏమేం జరుగుతున్నాయి?

అన్నయ్యని పశువుల డాక్టరు దగ్గరికి పంపిస్తున్నాను. నిజం ఆయనే తేలుస్తారు.

ఇట్లు,
ఇకనుంచి వరండాకి గొళ్ళెం పెట్టే మరదలు

తా.క.: గొళ్ళెం ఊడిపోయి ఉంది. బిగించమని అన్నయ్యకి చెప్పాను. "చూద్దాం" అన్నాడు.

*

మరదలా,

నా మోకాళ్ళు మెట్లు దిగడానికే ఒప్పుకోవు. అలాంటిది నేను తెల్లవారుజామున నీ వరండాలో దూరి ఎలుకలు తినిపిస్తున్నానా? రాసేటప్పుడు చెయ్యి వణకలేదూ?

నేను చూసింది చెప్తాను. నిన్న పొద్దున్న పిల్ల కొమ్మ మీద కనిపించగానే, పోనీలే, నా మాట విని పైన పెట్టించిందని మురిసిపోయాను. మధ్యాహ్నం కాస్త నడుం వాల్చి లేచేసరికి కొమ్మ ఖాళీ! నిచ్చెన వేసి మరీ దించుకుపోయావు.

మీ అన్నయ్య డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాడు. "ఏమీ చేయకండి. తల్లే చూసుకుంటుంది" అన్నారట. మందు లేదు, చీటీ లేదు. అయినా మాట బంగారం. వార్డులో పిల్లలంతా నన్ను 'అమ్మా' అనే పిలిచేవాళ్ళు. తల్లంటే ఎవరో ఆయన వేలు పెట్టి చూపించక్కర్లేదు. బుట్టతో సహా పైకి పంపు.

ఇట్లు,
వదిన

తా.క.: డాక్టరు దగ్గర రెండు గంటలు కూర్చోవలసి వచ్చిందట. అలసిపోయి పడుకున్నాడు.

*

వదినగారికి,

డాక్టరు మాట నాకూ చేరింది. దగ్గరుండి తిండి పెట్టేదే తల్లి. మూడు రోజులుగా ఆ పని చేస్తున్నది ఎవరో అందరికీ తెలుసు. పైనుంచి ఆశీస్సులు పంపేవాళ్ళని తల్లి అనరు.

ఇక అనుమానాలు లేకుండా దాని కాలికి ఎర్రదారం కట్టాను. బొత్తాలు కుట్టే గట్టి దారం, తెగదు. ఇకమీదట ఎక్కడ కనిపించినా అది నాదే.

ఇట్లు,
మరదలు

తా.క.: చలికి దానికో ఫ్లానెల్ చొక్కా కూడా కుట్టాను. కొలతలు తీసుకోబోతే వేలు కొరికింది. నా దగ్గరికొచ్చేవాళ్ళలో ఇంతకంటే చిరాకు మనుషులున్నారు కానీ కరవరు.

*

మరదలా,

కళ్ళద్దాలు పెట్టుకుని చూసే రాస్తున్నాను. ఈ పొద్దున్న మా కొమ్మ మీద గూబపిల్ల ఉంది. కాలికి దారం లేదు. కాబట్టి ఇది నాది. నీది నీ బుట్టలోనే ఉంచుకుని చొక్కాలు కుట్టుకో.

ఇట్లు,
వదిన

తా.క.: నీ బుట్ట ఖాళీగా ఉందని మీ అన్నయ్య ఇప్పుడే చెప్పాడు. మరి నీది ఏమైనట్టు? అవతలి కొమ్మ దగ్గర కాకులు ఒకటే గోల చేస్తున్నాయి. ఈ ఉత్తరం పంపించి చూస్తాను.

*

వదినా,

పొద్దున జరిగినప్పుడు నువ్వూ అక్కడే ఉన్నావు. అయినా రాయకపోతే నాకు ఈ పూట కుట్టు సాగేలా లేదు.

అది నేను కట్టిన దారమే. అవతలి కొమ్మ చివర చీలికలో చిక్కుకుని, పిల్ల తలకిందులుగా వేలాడుతోంది. చుట్టూ కాకులు. స్టూలు నీళ్ళ తొట్టి గట్టు మీద పెట్టి, కత్తెర పట్టుకుని ఎక్కాను. నువ్వు బాల్కనీలోంచి బట్టలారేసే కర్రతో కొమ్మని కిందికి లాగావు.

అంత ప్రమాదంలోనూ మనం మాట్లాడుకోలేదు చూడు! "కిందివాళ్ళని ఎడమవైపుకి జరగమనండి" అని నువ్వు అన్నయ్యతో అన్నావు. అన్నయ్య నాకు రెండు మూరల దూరంలో నిలబడి, "ఎడమవైపుకి జరగమంటోంది" అన్నాడు. "కర్ర ఇంకా వంచమను" అని నేను ఆయనతో అన్నాను. ఆయన టీ గుటక మింగి, తల పైకెత్తి, "వంచమంటోంది" అన్నాడు.

అప్పుడే కొమ్మ ఫెళ్ళుమంది. "ఒసేయ్, పట్టుకోవే!" అని అరిచావు. ఎనిమిది నెలల తర్వాత నాతో నీ మొదటి మాట. పట్టుకున్నాను, వదినా.

కాలి దగ్గర దారం లోపలికి కోసుకుపోయింది. నాకు కత్తెర పెట్టే సందు దొరక్కపోతే నువ్వు మెట్లు దిగి వచ్చావు. మోకాళ్ళు పట్టుకుని, ఒక్కో మెట్టూ. ముడి కోసి, కాలు తడిమి, "విరగలేదులే" అన్నావు. పిల్లతో అన్నావో నాతో అన్నావో నాకు తెలియదు. నేను నాతోనే అనుకున్నాను.

చెట్టు మొదట్లో వదిలాక అది చేసిన పని చూశావుగా. ముక్కుతో బెరడు కరిచి పట్టుకుని, గోళ్ళు గుచ్చి, ఆ మొండి రెక్కలు తపతపలాడిస్తూ, జారి, మళ్ళీ ఎక్కి, ఒక చొక్కా చెయ్యి కుట్టేంత సేపట్లో నీ కొమ్మ మీదికి చేరింది. అక్కడ దాని తోడబుట్టినవి ఇంకో రెండు, ఎండుటాకుల్లా కదలకుండా కూర్చుని ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఎక్కించిందీ నువ్వు కాదు, దించిందీ నేను కాదు. మనం కనిపెట్టిన దొంగ తన ఇంటికి తను వెళ్ళి, తల్లి పెట్టిన ఎలుకలు తిని వస్తోంది. దాన్ని చంపబోయింది మాత్రం నేనే.

ఇట్లు,
నీ మరదలు

తా.క.: ఎదురుగా చెప్పడానికి సిగ్గేసింది. అందుకే ఉత్తరం.

*

అమ్మాయ్,

నీ ఉత్తరానికి ఆలస్యంగా జవాబు: దాన్ని చంపబోయానని నువ్వొక్కదానివే ఏడవకు. పాలు పట్టొద్దని చెప్పిందీ నేనే, తల్లిని నేనేనని ఎగిరిందీ నేనే. నలభై రోజులుగా రోజూ సాయంత్రం నువ్వు కింద కుర్చీ, నేను పైన కుర్చీ వేసుకుని చూస్తున్నాం. మాటలు కలిశాయి కదా, మళ్ళీ ఉత్తరం ఎందుకంటావేమో. నోటితో చెప్పలేనివి రెండున్నాయి.

మొదటిది. మూడింటిలో చిన్నది పది రోజులుగా కనిపించడం లేదు. నీకు అబద్ధం చెప్పాను, అవతలి వీధి చెట్టు మీద చూశానని. గోడ వెనక దాని ఈకలు దొరికాయి. పిల్లి అయి ఉంటుంది. వార్డులో కూడా ఈ కబురు చెప్పడం నాకు చేతనయ్యేది కాదు.

మిగతా రెండూ బాగున్నాయి. తల్లి ఎలుకను నోటికి అందించడం మానేసి, అవతలి కొమ్మ మీద కూర్చుని చూపించేది. కావాలంటే ఎగిరి రావాలి. తర్వాత అదీ మానేసింది. నీ ఎర్రదారం పిల్ల మొదట ఎండుటాకుల మీద దూకింది, తర్వాత నువ్వు ఆరేసిన కాలర్ల మీద. వారం కిందట మాత్రం నిజంగానే మిడతని పట్టింది. నాలుగు రోజులుగా రెండూ రావడం లేదు. తల్లి వెతకడమూ లేదు. అంటే వెళ్ళిపోయాయి.

రెండోది. నిన్న బస్టాపులో పశువుల డాక్టరు కనిపించారు. చేతులు జోడించి, "మీరు చెప్పిన ఒక్క మాట రెండు ప్రాణాలు నిలబెట్టిందండీ" అన్నాను. ఆయన తెల్లబోయి, "నేను మూడు నెలలుగా ఊళ్ళోనే లేనమ్మా, ఇప్పుడే బస్సు దిగాను. ఏ గూబ?" అన్నారు.

ఇంటికొచ్చి మీ అన్నయ్యని నిలదీశాను. అసలు వెళ్ళనే లేదట! ఎండగా ఉందని టీకొట్టు దగ్గర రెండు గంటలు కూర్చుని వచ్చాడట. "మరి ఆ మాట ఎవరన్నారు?" అంటే, "ఎవరనాలి? నాకు ఏ పనైనా చేయకుండా ఉండటమే అలవాటు. అదే చెప్పాను. మీ ఇద్దరి గొడవకీ అదే వైద్యం చేశాను, కుదిరిందిగా" అంటాడు. పైగా నవ్వు!

మనిద్దరం చేసిన సేవకి పిల్ల చావబోయింది. ఆయన బద్ధకానికి బతికింది. ఇది మనం ఒప్పుకున్నామని తెలిస్తే ఇంట్లో ఇక ఆయన్ని పట్టలేం.

ఈ ఉత్తరం గట్టిగా అంటించి ఆయన చేతికే ఇస్తున్నాను. ఇందులో ఏముందో ఆయనకి తెలియదు.

ఇట్లు,
నీ వదిన

తా.క.: ఈ పూట పైన వంట చేయలేదు. నేను కిందికే భోజనానికి వస్తున్నాను. ఆయన ఆకలేస్తోందని నీ గుమ్మం దగ్గర నిలబడితే, డాక్టరుగారు ఏమీ చేయొద్దన్నారని చెప్పు.