నాయనకు అక్క ఉంది

జహీరాబాదు,
12 మార్చి 1964

విరూపాక్షన్నకు నీ చెల్లెలు రత్న శరణు, నమస్కారాలు.

అన్నా, ఆఫీసులో నిలబడి ఉంటే ముందు కూర్చో. నాయనకు అక్క ఉంది! సొంత అక్క! ఈ రెండు మాటలు రాసేలోపే సిరా రెండుసార్లు ఒలకబోశాను.

ఎద్దు మీద ఊరూరూ తిరిగి మనవాళ్ల వంశాలు చదివే హెళవ రేవణసిద్ధప్ప మొన్న మన బజారుకు వచ్చాడు. ఇంటింటి ముందూ ఆగి ఏడు తరాల పేర్లు ఒక్క గుక్కలో చదువుతున్నాడు. మన ఇల్లు దగ్గర పడేసరికి నాయన ఎప్పటిలాగే బట్టల కొట్టు మూసి లోపలికి పోయాడు. "నన్ను తొవ్వల పారేసి పోయినోళ్ల పేర్లు నాకెందుకు?" అన్నాడు. ఆ మాట అన్న రోజు ఆయన సరిగా అన్నం తినడని నీకూ తెలుసు. పోయినేడు నన్ను చూడటానికి వచ్చినవాళ్లు "మీ మూలం ఏ ఊరు?" అని అడిగినప్పుడు ఆయన తల వంచుకున్నాడు. ఆ ముఖం నేను మరిచిపోలేదు. పెద్ద జ్వరాల ఏడు, చిరాగ్‌పల్లి దగ్గర దారి పక్కన ఏడుస్తున్న నాలుగేళ్ల పిల్లవాణ్ణి మన సంగమ్మవ్వ ఎత్తుకొచ్చి పెంచింది. అంతకుముందుది ఆయనకు తన పేరు తప్ప ఏమీ గుర్తులేదు.

అందుకే నాయన చూడకుండా హెళవ వెంట పరుగెత్తాను. "జ్వరాల ఏడు తప్పిపోయిన పిల్లగాడు, చెన్నబసప్ప అని, నీ పుస్తకంల ఉన్నడా తాతా?" అని అడిగాను. ఆయన ఎద్దు దిగి, సంచిలోంచి పాత కన్నడ పుస్తకం తీసి, చాలాసేపు తిప్పాడు. వేలు ఒకచోట ఆగింది.

"న్యాల్‌కల్ బసవంతప్ప కొడుకు. సచ్చిపోయినోళ్ల పేర్లకు మా నాయిన గీత పెట్టిండు బిడ్డా. ఈ పేరుకు పెట్టలె. వాని అక్క నారమ్మ పెట్టనియ్యలేదంట. ఆమె ఇంకా ఉన్నది."

నాకు అక్కడే గంతులు వేయాలనిపించింది. అటునుంచి అటే రిటైరైన పట్వారీ యాకూబ్ సాబ్ ఇంటికి పోయాను. న్యాల్‌కల్ పాత భూముల కాగితాల నకళ్లు ఆయన పెట్టెలో ఉన్నాయి. అద్దాలు తుడుచుకుని ఉర్దూ రాత చదివి చెప్పాడు: బసవంతప్ప మరణించాడు, వారసుడు చెన్నబసప్ప, వయసు నాలుగు, జాడ లేదు. చదివి ఆయనే లేచి నిలబడ్డాడు. "జల్దీ పోయి రా బేటీ!" అన్నాడు.

ఆదివారం న్యాల్‌కల్ బస్సు ఎక్కుతున్నాను. నాయనకు ఇంకా చెప్పలేదు.

నిలువలేక నిలుస్తున్న నీ
రత్న

జహీరాబాదు,
16 మార్చి 1964

అన్నా,

అత్తను చూశాను! నాయన ముక్కే, నాయన నడకే. "మా నాయిన ఎడమ చెవి తమ్మె చీలి ఉంటది" అన్నానో లేదో, చేటలో జొన్నలు నేలపాలు చేసి నన్ను పట్టుకుంది. "తొట్లె బట్టకు పోగు తట్టుకొని చీలింది బిడ్డా. ఆ తొట్లె ఊపింది నేనే!"

ఎవరూ పారేయలేదన్నా. తల్లీ తండ్రీ ఒకే వారంలో పోతే, చిన్నాయన పిల్లలిద్దరినీ బండిలో తీసుకుపోతూ చిరాగ్‌పల్లి దగ్గర జ్వరంతో పడిపోయాడు. తొమ్మిదేళ్ల నారమ్మత్త నీళ్లకు పోయి వచ్చేసరికి తమ్ముడు లేడు. రెండు నెలల తర్వాత ఆమె, చిన్నాయన జహీరాబాదు వచ్చి ఇల్లిల్లూ అడిగారట.

"ఒకామె గడపల నిలబడి, గట్ల ఒక పిల్లగాడు దొరికిండు, జ్వరమొచ్చి పోయిండు అన్నది. లోపల ఎవరో పిల్లగాడు దగ్గిండు. చిన్నాయన నమ్మిండు. నేను నమ్మలె. ఆమె గదవ మీద మూడు పచ్చబొట్లు, ఇప్పటికీ నా కండ్ల ముందల్నే ఉన్నయి."

అన్నా, మన అవ్వ గడ్డం మీద మూడు పచ్చబొట్లు.

ఇంటికి వచ్చేసరికి అవ్వ పొయ్యి ముందు రొట్టెలు చేస్తోంది. అడిగాను. ఆమె తల ఎత్తలేదు. "నేనే చెప్పిన. నా కొడుకును మట్టిల పెట్టి పది దినాలు కాలె, వీడు దొరికిండు. అవ్వా అని పిల్వబట్టిండు. ఎట్లిస్త?" పెనం మీద రొట్టె మాడిపోతున్నా తీయలేదు. "నేను పోయినంక చెప్పు రత్నా. ఇప్పుడు చెప్పకు."

సరేనని ఆమె చేతిలో చెయ్యి వేశాను. కానీ నాయన నలభై ఆరేళ్లుగా మోస్తున్న బరువు ఒక్క మాటతో దిగిపోతుంది, ఆ మాట నా నోట్లోనే ఉంది. నేను చేసింది తప్పా అన్నా?

రత్న

జహీరాబాదు,
25 మార్చి 1964

అన్నా,

నా చేత మాట తీసుకున్న అవ్వే ఆ మాట తప్పించింది!

శుక్రవారం పొద్దున అవ్వ ఇంట్లో లేదు. నాయన కొట్టు తెరవకుండా బజారంతా వెతికాడు, దవాఖానకు కూడా పోయి చూశాడు. మధ్యాహ్నం న్యాల్‌కల్ బస్సు దిగి వచ్చింది, వెనుక నారమ్మత్త! డెబ్బై ఏళ్ల మనిషి ఒక్కతే పోయి, ఇల్లు అడిగి వెతికి తీసుకొచ్చింది. నట్టింట నిలబడి చెప్పింది: "చెన్నా, ఈమె నీ అక్క. నిన్ను ఎవ్వరు పారెయ్యలె. నువ్వు సచ్చినవని వీళ్లకు చెప్పింది నేను."

అత్త నాయన చెవి పట్టుకుని చూసింది. ఆ తర్వాత ఇద్దరూ చిన్నపిల్లల్లా ఏడ్చారు. యాభై ఏళ్ల నాయన నోట "అక్కా" అన్న మాట నేను మొదటిసారి విన్నాను. బజారు బజారంతా మన వాకిట్లోనే ఉంది. అమ్మ వచ్చినవాళ్లందరికీ బెల్లం పంచింది.

కానీ నాయన అవ్వతో మాట్లాడలేదు. మూడు రోజులు ఆమె వైపు చూడలేదు కూడా. అవ్వ మూలన కూర్చుని తిండి మానేసింది. చివరికి అత్తే రొట్టె తీసుకుపోయి ఆమె ఒళ్లో పెట్టింది. "తిను. నీ మీద నాకు కోపం పోదు. వానికి ఇన్నేండ్లు బువ్వ పెట్టినవు, అది కూడ మర్వ."

నిన్న నాయన పుట్టిన ఊరు చూడటానికి మేమంతా బయలుదేరాం. తలపాగా చుట్టుకుని ఆయన అందరికంటే ముందు నడిచాడు. బస్సు హారన్ వినిపిస్తుండగా ఉన్నట్టుండి వెనక్కి తిరిగి ఇంట్లోకి పోయి, అవ్వ ముందు నిలబడ్డాడు. ముఖంలో కోపం ఇంకా అట్లాగే ఉంది.

"లే అవ్వా. మా ఊరు నువ్వు సూడవా? బస్సు పోతది" అన్నాడు.

అవ్వ చెప్పులు కూడా వేసుకోకుండా లేచింది. బస్సులో అత్త కిటికీ పక్క చోటు ఆమెకు ఇచ్చి, తాను నాయన పక్కన కూర్చుంది. న్యాల్‌కల్ వచ్చేదాకా అక్కాతమ్ముళ్లు నోరు మూయలేదు.

సెలవు దొరక్కపోతే ఉద్యోగం మీద అలిగి అయినా రా అన్నా.

అత్త ఉన్న ఇంటి పిల్ల,
రత్న