పిట్ట రెక్కల బరువు

పిట్టక్కా,

ఈ ఉత్తరం చదివి నువ్వు నవ్వితే నవ్వు, బావకి మాత్రం చదివి వినిపించకు. నోటితో చెప్పలేనిది కాగితం మీద పెడుతున్నాను. నా చదువు ఐదో తరగతి దగ్గరే ఆగిపోయిందని నీకు తెలుసు. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం మీ మరిదీ, ఆయన స్నేహితులూ మా ముందుగదిలో బల్ల చుట్టూ చేరి పాచికల ఆట ఆడతారు. అది కథల ఆట. మీ మరిది కథ చెబుతారు. "ఎదురుగా పాడుబడ్డ కోట. తలుపు వెనక ఏదో గురక పెడుతోంది. ఏం చేస్తారు?" అని అడుగుతారు. మిగతావాళ్లు ఒక్కొక్కరిదీ ఒక్కో వేషం. మందుల షాపతను మంత్రగాడు. వంతెనలు కట్టే ఇంజనీరుగారు కత్తివీరుడు. సంగీతం టీచరు దొంగ, పాపం ఆవిడ నిజంగా చీమకి కూడా హాని చెయ్యదు. ఏం చేస్తామో చెప్పి ఇరవై ముఖాల పాచిక విసురుతారు. పెద్ద అంకె పడితే పని అవుతుంది, చిన్నది పడితే నడుం విరుగుతుంది. ఇన్నాళ్లూ నేను టీ ఇచ్చి తలుపు పక్కన నిలబడి వినేదాన్ని. గురక పెట్టేది ఏమిటో తేలేదాకా కప్పులు కడగడానికి కూడా వెళ్లేదాన్ని కాదు.

మొన్న ఆదివారం సంగీతం టీచరు "అక్కడ నిలబడి కాళ్లు నొప్పి పుట్టించుకుంటావెందుకమ్మా, వచ్చి కూర్చో" అంటూ కుర్చీ లాగింది. మీ మరిది ఒక కాగితం ఇచ్చి నింపమన్నారు. పేరు, జాతి, ఎత్తు, బరువు. జాతుల పుస్తకం తిప్పుతుంటే రెక్కల మనుషుల బొమ్మ వచ్చింది. ఇక పేజీ తిప్పలేదు. పేరు దగ్గర నీ ముద్దుపేరే రాశాను, పిట్ట అని. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు చేతులకి అట్టముక్కలు కట్టుకుని గోడ మీంచి నువ్వు దూకావు. నేను గోడ మీదే ఉండిపోయాను. మణికట్టు విరిగితే మెట్ల మీంచి పడ్డానని అమ్మకి చెప్పావు గానీ, అట్టలు కత్తిరించింది నేనని చెప్పలేదు.

బరువు గడి అందరూ ఖాళీగా వదిలేస్తారట. నాకేం తెలుసు? దిండ్ల కార్ఖానాలో పొద్దస్తమానం ఈకలు తూచే చెయ్యి ఇది. గలీబు వేరే తూస్తాం, లోపలి ఈకలు వేరే తూస్తాం. అలవాటు కొద్దీ "ఒళ్లు యాభై రెండు కిలోలు, రెక్కలు వేరే, ఎనిమిది కిలోలు" అని రాసేశాను.

అది ఇంజనీరుగారి కంట పడింది.

"అరవై కిలోలా? చెల్లెమ్మా, అరవై కిలోలు గాల్లోకి లేవాలంటే ఆ రెక్కలు ఈ గదిలో పట్టవు. ఛాతీ కండలు ఈ బల్లంత మందం ఉండాలి" అంటూ నా కాగితం వెనకాలే లెక్క వేశారు.

మందుల షాపతను అందుకున్నాడు. "అయినా వదినా, మీ పిట్ట వెల్లకిలా ఎలా పడుకుంటుంది? చొక్కా ఎలా తొడుక్కుంటుంది?"

అందరూ నవ్వారు. టీచరు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఎంత కథయినా కాస్త వాస్తవం ఉండాలి కదా. రెక్కలు ఉండనివ్వండి, ఎగరడం మాత్రం కుదరదు" అని తేల్చేసి ఇంజనీరుగారు మీ మరిది వైపు తిరిగారు. ఈయన పుస్తకంలోంచి తల ఎత్తకుండానే "సరే, ఎగరదు" అని కథలోకి వెళ్లిపోయారు.

అక్కా, మందుల షాపతను వారం వారం అరచేతిలోంచి నిప్పు కురిపిస్తాడు. ఆ నిప్పుకి నూనె ఎక్కడిది, చెయ్యి కాలదా అని ఒక్కరూ అడగలేదు. లెక్కలన్నీ నా రెక్కలకే వచ్చాయి. అదైనా మింగేద్దును. మీ మరిది తల ఎత్తకుండా అన్న ఆ రెండు మాటలే మింగుడుపడలేదు. చదువుకున్నవాళ్ల మధ్య నన్ను కూర్చోబెట్టినందుకు సిగ్గుపడ్డారేమో. ఆ రోజు ఆట అయ్యేదాకా నేను పాచిక ముట్టుకోలేదు. ఈయన గమనించను కూడా లేదు.

అందుకే ఒకటి అనుకున్నాను. వచ్చే ఆదివారం పిట్టని కొండ మీంచి దూకించేస్తాను. ఎగరదు కదా, వాళ్ల లెక్క ప్రకారమే పోతుంది. ఆ తర్వాత ఆ బల్ల దగ్గరికే కాదు, తలుపు పక్కకి కూడా వెళ్లను. ఈయనకి చెప్పలేదు. పేరు నీది కాబట్టి నీకు చెబుతున్నాను.

గోడ మీదే ఉండిపోయిన నీ చెల్లెలు,
బుల్లి


పిట్టక్కా,

"నన్ను చంపడానికి నీకెవరిచ్చారే అధికారం?" అని ఒకే ఒక్క ముక్క రాశావు. అది నిన్న అందింది. అప్పటికే ఆదివారం అయిపోయింది. ఏం జరిగిందో వరుసగా చెబుతాను, కంగారుపడకు.

ఈసారి కథ మంచు కొండల్లోకి వెళ్లింది. తుఫాను. గుడారం గాలికి కొట్టుకుపోయింది, కట్టెలు లేవు. మంత్రగాడి నిప్పు ఆ రోజుకి అయిపోయింది. పక్కనే లోయ. చలికి తట్టుకుంటారో లేదో పాచికలు వెయ్యమన్నారు మీ మరిది. టీచరుకి మూడు పడింది, దొంగ వేళ్లు కొయ్యబారిపోయాయి. ఇంజనీరుగారికి ఒకటి పడింది.

"కత్తివీరుడి పెదాలు నీలంగా మారాయి. ఇంకోసారి ఇలాగే పడితే ఇక లేవడు" అన్నారు మీ మరిది. తర్వాత నా వైపు తిరిగారు. "పిట్ట ఏం చేస్తుంది?"

"లోయలోకి దూకుతుంది." ఆ మాట వారమంతా తక్కెడ ముందు నిలబడి పాఠంలా వల్లించాను. నోరు తెరిచాను కూడా. ఎదురుగా ఇంజనీరుగారు పాచికని గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నారు. అంత మనిషికీ ముఖంలో రక్తం లేదు. ఆ కత్తివీరుణ్ణి నాలుగేళ్లుగా పెంచుకుంటున్నారట. నేను అనుకున్న మాట రాలేదక్కా, ఇంకోటి వచ్చింది.

"అన్నయ్యగారూ, రెక్కలు ఎగరవన్నారు. ఈకలు ఉన్నాయని ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటానమ్మా."

"ఎనిమిది కిలోల రెక్కలు?"

"నువ్వే రాశావుగా."

"అయితే అందరూ వాటి కిందకి రండి. ముందు ఒంటి మీద మంచు దులుపుకోండి. ఈక తడిస్తే ముద్దయిపోతుంది, ఇక దేనికీ పనికిరాదు."

ఆ తర్వాత నేనెంత మాట్లాడానో నాకే తెలీదు. పైన ఉండే పెద్ద ఈకల మీంచి మంచు జారిపోతుందనీ, లోపలి నూగు గాలిని పట్టి ఉంచుతుందనీ, ఆ గాలే వెచ్చదనమనీ చెప్పాను. ఒక మనిషి దుప్పటికి కిలో నూగు చాలని చెప్పాను. మందుల షాపతని వైపు తిరిగి, "వెల్లకిలా పడుకోదు, బోర్లా పడుకుని రెక్కలు పరుస్తుంది. చొక్కా ముందు నించి తొడుక్కుంటుంది, ముడి వీపు మీద రెక్కల కింద. అక్కడికి తన చెయ్యి అందదు, ఎవరో ఒకరు వెయ్యాలి" అన్నాను.

"నేను వేస్తాను వదినా" అన్నాడు, బుద్ధిగా.

ఇంజనీరుగారు కాగితం మీద ఏదో లెక్క వేశారు. కొట్టేసి మళ్లీ వేశారు. "సరిపోతుంది. అందరికీ సరిపోతుంది" అన్నారు. నేను పాచిక అందుకోబోతే మీ మరిది నా చెయ్యి ఆపి, "దీనికి అక్కర్లేదు" అన్నారు. ఈసారి తల ఎత్తే అన్నారు.

అందరూ వెళ్లాక నేను కప్పులు కడుగుతుంటే వచ్చి పక్కన నిలబడి తుడవడం మొదలుపెట్టారు. తుడిచిన కప్పే మళ్లీ తుడుస్తున్నారు.

"ఆ రోజు నేను నోరు విప్పాల్సింది. కథ చెప్పేవాడు పెళ్లాం వైపు మొగ్గాడంటారని భయపడ్డాను" అన్నారు.

"మీరు నావైపు మొగ్గక్కర్లేదండీ. నా రెక్కలు తూచిన తక్కెట్లోనే ఆ మంత్రగాడి నిప్పు కూడా తూచండి, చాలు."

నవ్వారు. నేను నవ్వలేదని చూసి ఆపేశారు. అప్పుడు చెప్పేశాను, దూకించాలనుకున్నానని. ఆయన చేతిలో కప్పు కింద పెట్టేశారు. "రూలు మార్చేస్తాను. వచ్చే వారం నుంచి ఎగరనీ" అన్నారు.

"వద్దు. అరవై కిలోలు లేవవు. తూకం నాకు తెలుసు" అన్నాను. అలిగి అనలేదక్కా, నిజంగానే అన్నాను.

కాబట్టి నువ్వు బతికే ఉన్నావు. మంచు కొండ మీద బోర్లా పడుకుని ఉన్నావు. నీ కుడి రెక్క కింద ఇంజనీరుగారు, ఎడమ రెక్క కింద మంత్రగాడూ, దొంగా. ఆదివారం దాకా కదలకు, వాళ్లకి చలి తగులుతుంది.

ఆ అట్టలు కత్తిరించిన నీ చెల్లెలు,
బుల్లి