నీళ్ల డ్రమ్ములో దిగిన ఫొటో

హన్మకొండ,
సెప్టెంబరు 3

జలదృశ్య కంపెనీ సర్వీసు విభాగం వారికి, హన్మకొండ చౌరస్తాలోని శ్యాం ఫొటో స్టూడియో నుంచి శ్యాంసుందర్ నమస్కరించి రాసేది.

అయ్యా, నీళ్లలో ఫొటోలు తీసేందుకు కెమెరాను దాచే పెట్టె ఒకటి మీ దగ్గర తెప్పించుకున్నాను. కెమెరాను లోపల పెట్టి మూత బిగించాక, బయటి మర తిప్పితే లోపలి లెన్సు తిరిగి జూమ్ అవుతుందని మీ పుస్తకంలో ఉంది. మర తిరుగుతోంది. లెన్సు తిరగడం లేదు. కుడికి తిప్పాను, ఎడమకు తిప్పాను, బతిమాలాను కూడా.

ఇది సరదాకు కొన్నది కాదు. ముప్పై ఏళ్లుగా పెళ్లి ఫొటోలు తీసి బతుకుతున్నాను. ఇప్పుడు కుర్రవాళ్లు డ్రోన్లు ఎగరేస్తున్నారు. పైన జాగా లేదు కాబట్టి నేను నీళ్లలోకి దిగుదామనుకున్నాను. సాయితేజ అనే పెళ్లికొడుకు, దసరా ముందు తనకూ పెళ్లికూతురికీ నీళ్లలో ఫొటోలు తీయమన్నాడు. ఈ ఒక్క పని చేజారితే దుకాణాన్ని మొబైల్ కవర్లు అమ్మేవాడికి ఇచ్చేయడమే. ఆ తర్వాత పొద్దున్నే లేచి ఎక్కడికి పోవాలో నాకు తెలియదు.

మీ నంబరుకు ఫోన్ చేస్తే మిషను మాట్లాడుతోంది. అక్కడ మనిషి ఎవరైనా ఉంటే జవాబు రాయండి.

ఇట్లు,
శ్యాంసుందర్

తా. క.: పెట్టె వచ్చిన రోజే పక్క పూలదుకాణం మల్లక్క చేత పూజ చేయించాను. కాబట్టి లోపం మా వైపు లేదు.

*

విశాఖపట్నం,
సెప్టెంబరు 9

గౌరవనీయులైన కస్టమరు గారికి,

మీ ఫిర్యాదు అందింది. సముద్రంలో వాడాక మంచినీళ్లతో కడగకపోతే మర పళ్లలో ఉప్పు పేరుకుంటుంది. దయచేసి ఈ వివరాలు తెలపండి. ఏ సముద్రంలో వాడారు? ఎంత లోతున వాడారు? పెట్టె లోపల బయటి వస్తువు ఏదైనా ఉందా?

భవదీయురాలు,
రమ, సర్వీసు విభాగం

తా. క.: మనిషి ఉంది. ఒక్కతే ఉంది. విభాగం అని రాయడం కంపెనీ ఆచారం.

*

హన్మకొండ,
సెప్టెంబరు 13

రమ మేడం గారికి నమస్కారాలు.

మనిషి ఉన్నందుకు సంతోషం. మా వరంగల్‌కు సముద్రం లేదండి. ధర్మసాగర్ రిజర్వాయరు ఉంది గానీ ఊరంతా తాగేది ఆ నీళ్లే. నేను అందులో దిగితే మర్నాడు అందరూ నన్ను చాయ్‌లో తాగాలి. అందుకని డాబా మీద నీళ్ల డ్రమ్ములో వాడి చూశాను. లోతు, చెయ్యి పెడితే భుజం దాకా. ఉప్పు సంగతి అడిగారు. డ్రమ్ములో లేదు, మల్లక్క నాకు పంపే కూరలోనూ లేదు. బయటి వస్తువు ఏదీ లేదు. అంతా లోపలిదే.

ఉంటాను,
శ్యాంసుందర్

తా. క.: సాయితేజ రోజూ ఫోన్ చేస్తున్నాడు. పెట్టె ఈదడం నేర్చుకుంటోందని చెప్పాను.

*

విశాఖపట్నం,
సెప్టెంబరు 19

శ్యాంసుందర్ గారికి నమస్తే.

మా కంప్యూటరులో డ్రమ్ముకు గడి లేదు. “సముద్రం: ఇతరం” అని ఎక్కించాను. లెన్సుకు తొడిగే పళ్ల చక్రం వదులై జారుతోందేమో. బిగువుది ఒకటి పంపుతున్నాను. అయినా తిరగకపోతే, మూత తీసి లోపలి భాగం ఫొటో తీసి పంపండి.

భవదీయురాలు,
రమ

తా. క.: కూరలో ఉప్పు లేదని మల్లక్క గారికి చెప్పండి. నా డబ్బా నేనే వండుకుని, ఆఫీసులో ఒక్కదాన్నే తింటాను. ఉప్పు ఎక్కువైందని పోట్లాడదామన్నా మనిషి లేదు.

*

హన్మకొండ,
సెప్టెంబరు 24

రమ గారికి నమస్కారాలు.

బిగువు చక్రం తొడిగాను. ఇదివరకు లెన్సు ఒక్కటే అలిగింది. ఇప్పుడు మర కూడా దానితో చేతులు కలిపింది. రెండూ కదలడం లేదు. మీరడిగిన ఫొటో జత చేశాను. పండగ దగ్గరికొస్తోంది. నాకు నిద్ర పట్టడం లేదు.

ఉప్పు సంగతి మల్లక్కకు చెప్పాను. ఇప్పుడు కూరలో ఉప్పు తప్ప ఏమీ లేదు.

ఉంటాను,
శ్యాంసుందర్

తా. క.: ఫొటో మూలన కనిపించే బొటనవేలు నాది. ఎందరి పెళ్లిళ్లో తీశాను గానీ నా పెళ్లి కాలేదు, నన్నెవరూ ఫొటో తీయలేదు. వేలైనా పడింది.

*

విశాఖపట్నం,
సెప్టెంబరు 29

శ్యాంసుందర్ గారూ,

లెన్సు చుట్టూ మూడు వరసల పసుపుదారం, దానికో పసుపుకొమ్ము కనిపిస్తున్నాయి. బయటి వస్తువు ఏదీ లేదన్నారు కదా, మరి అదేమిటి? పాత చక్రం ఆ ముడి మీదికెక్కి జారింది. కొత్తది ముడిని కరుచుకుని ఆగిపోయింది. వెంటనే దారం కోసేయండి.

రమ

తా. క.: మేనేజరుకు ఏం రాయాలో తోచక “పూజా విడిభాగం” అని రాశాను.

*

హన్మకొండ,
అక్టోబరు 6

రమ గారికి,

కోసేయమని రాయడానికి మీకు చేతులెలా వచ్చాయి? అది బయటి వస్తువు ఎలా అవుతుందండి? నా కెమెరాలన్నింటికీ ఉంది. చేత్తో తిప్పే లెన్సుకు అదెప్పుడూ అడ్డు రాలేదు. భయపడుతూనే వెళ్లి మల్లక్కను అడిగాను. ఆమె నవ్వింది.

“దేవునికి లోపలైతేంది, బయటైతేంది? పెట్టె మీది పిడికి కడ్త తియ్యి. గింత దానికి నెల దినాలు ఉత్తరాలు రాసుకున్నరా?”

దారం పిడికి చేరింది. లెన్సు వెన్నలా తిరిగింది. వెంటనే సాయితేజకు ఫోన్ చేశాను.

“అయిపోయింది అంకుల్. ఇంట్లనే గోడ ముంగట నిలబడి దిగినం. ఫోన్ల యాప్ నీళ్లు పెట్టింది. చాపలు గూడ పెట్టింది,” అన్నాడు.

ఆ ఫొటోలు నాకు పంపాడు. బాగున్నాయి. నిజంగానే బాగున్నాయి, అందుకే మరీ బాధేసింది. మొబైల్ కవర్లవాడు నిన్న వచ్చి దుకాణం కొలుచుకుని పోయాడు.

పెట్టె పనిచేస్తోందని మీకు రుజువు చూపాలి కదా. ఫొటో దిగడానికి ఎవరూ లేరు. కెమెరాను డ్రమ్ము అడుగున పెట్టి, టైమరు పెట్టి, నా తలే ముంచాను. జత చేశాను. జూమ్ బాగా వచ్చింది. కళ్లు మాత్రం మూసుకున్నాను.

మీ సాయానికి కృతజ్ఞతలు.
శ్యాంసుందర్

తా. క.: ఫిర్యాదు తీరిపోయింది, ఇక మీకు రాయడానికి కారణం లేదు. పోస్టుమాన్ కోసం ఎదురుచూడటం అలవాటైంది. దీని మీద ఏ విభాగానికి ఫిర్యాదు చేయాలో తెలపగలరు.

*

విశాఖపట్నం,
అక్టోబరు 11

శ్యాం ఫొటో స్టూడియో, ఫిర్యాదుల విభాగం వారికి రమ రాసుకున్న ఫిర్యాదు.

అయ్యా, బాగుచేసిన ప్రతి పెట్టెనూ నీళ్లతొట్టిలో ముంచి ఒక ఫొటో తీయాలని ఇక్కడ నియమం. ఎదురుగా ఎవరూ ఉండరు కాబట్టి నేను కూడా టైమరు పెట్టి నా మొహమే ముంచుతాను. ఆరేళ్లుగా నా ఫొటోలంటే అవే. అన్నింట్లోనూ కళ్లు మూసుకునే ఉన్నాను. నాదొకటీ మీదీ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూశాను. పెళ్లిచూపులకు కూర్చుని ఇద్దరూ నిద్రపోయినట్టుంది. మేనేజరు అటుగా వచ్చి, “ఈ దంపతులు ఎక్కడి కస్టమర్లు?” అని అడిగాడు. వరంగల్ అని చెప్పేశాను.

సమస్య ఇదీ. అవతల బటన్ నొక్కే మనిషి లేకపోతే కళ్లు ఎప్పుడు తెరవాలో తెలియడం లేదు. నాకు కళ్లు తెరిచిన ఫొటో ఒకటి కావాలి. విశాఖలో స్టూడియోలు లేక కాదు. మీరు తీస్తే బాగుంటుందనిపించింది. ఆదివారం పొద్దున్నే వరంగల్‌లో రైలు దిగుతాను. అప్పటిదాకా దుకాణం ఎవరికీ ఇవ్వకండి. నీళ్లలో మాట వినిపించదు కాబట్టి, తీసే ముందు డ్రమ్ము మీద తట్టండి. నా తర్వాత మీరు దిగండి, నేను తడతాను. మల్లక్క గారిని కూడా ఉండమనండి.

ఇట్లు,
మీ కస్టమరు
రమ

తా. క.: డ్రమ్ములో నీళ్లు మార్చి ఉంచగలరు.