ఏమీ అడగని ఓనరమ్మ

చెల్లె స్నేహలతకు,

ఫోన్‌లో అయితే గోడ అవతలున్న మా ఓనరమ్మకు వినబడుతుందని రాస్తున్నాను. బార్బడోస్‌లో నీకు దొరికిన కిరాయి ఇంటి ఫోటోలు చూశాను. కిటికీలోంచి సముద్రం కనబడుతోంది. నర్సు జీతానికి అందే కిరాయికి అంత మంచి ఇల్లా? నాకు నమ్మకం కుదరడం లేదు. ఆ ఇంట్లో ఎవరైనా ఉరేసుకున్నారేమో, వానకు ఇల్లు కురుస్తుందేమో, చుట్టుపక్కల కనుక్కో.

అన్నిటికంటే అనుమానం ఆ ఇంటి ముసలామె మీదే. "పేరు, నౌకరి అడిగి తాళంచెవి చేతుల పెట్టిందక్కా" అన్నావు. అంతేనా? హన్మకొండలో మేము ఇల్లు వెతికినప్పుడు, కూర్చోమనడానికన్నా ముందే "మీరేమిట్లు?" అని అడిగేవాళ్లు. కులం చెప్పగానే "అయ్యో, పొద్దుగాలనే వేరేటోళ్లకు ఇచ్చినం గదా" అనేవాళ్లు. టులెట్ బోర్డు మాత్రం గేటుకే వేలాడుతుండేది. ఏమీ అడగకుండా ఇల్లిచ్చే మనిషి ఏదో దాస్తున్నట్టే లెక్క. అడ్వాన్స్ అప్పుడే ఇవ్వకు. మన కులం నువ్వే ముందు చెప్పి, ఆమె ముఖం మారుతుందేమో చూడు.

జవాబు రాస్తే కవరు మీద మన ఇంటిపేరు రాయకు. ఇక్కడ వేరేది చెప్పి ఉంటున్నాం.

నీ అక్క