నాన్న వ్యాను తేవడానికి వెళ్తున్నాను

అమ్మా,

పాలు కాచి మూతపెట్టాను, పిల్లి కంటబడకముందే తాగు. మాత్ర మాత్రం పరగడుపున వేసుకోకు. వ్యాను మనకే అప్పగించమని జడ్జిగారు ఇచ్చిన కాగితం నా దగ్గరే ఉంది, వెతుక్కోకు. సాయంత్రానికి బండితో వస్తాను.

నిన్న కోర్టులో ఏం జరిగిందో నీకు చెప్పనేలేదు. నాన్న పోయినరోజు మన గుమ్మంలో నిలబడి ఏడ్చి వెళ్లిన షెడ్డు యజమానే, బండి ఉంచిన అద్దె కట్టమని తర్వాత నాన్న పేరుకే నోటీసు పంపాడు. జవాబు రాలేదని బండి అమ్మేశాడు. "పోయిన మనిషికి నోటీసేమిటయ్యా, ఆయన లేచొచ్చి సంతకం పెట్టాలా?" అని జడ్జిగారు అడిగారు. ఆ అమ్మకం చెల్లదన్నారు.

అంత గెలిచి వచ్చి కూడా రాత్రి నీ మీద అరిచాను. ఆ కవరు నువ్వు విప్పి చూసుంటే బండి పోయేదే కాదన్నాను. నోరు జారాను అమ్మా. నాన్న పేరున వచ్చిన ఉత్తరం మనింట్లో ఆయన తప్ప ఎవరూ విప్పరు. నువ్వు దాన్ని ఆయన కళ్లజోడు కింద భద్రంగా పెట్టావు. నా చేతికొచ్చినా అక్కడే పెట్టేదాన్ని.

ఇంకోమాట. కొన్నాయన బండికి రంగు మార్చాడట గానీ హారను అదేనట. వీధి మలుపులో నాన్న రెండుసార్లు కొట్టగానే నువ్వు గేటు తీయడానికి పరుగెత్తేదానివి. నేను కొట్టనులే. బండి బయటే ఆపి, వచ్చి తలుపు తడతాను.