నడిమింటి గోడ

ధర్మపురి,
మంగళవారం

రాఘవా,

ఉత్తరాన్ని ఆశీర్వాదంతో మొదలుపెట్టడం పెద్దవాళ్ళ పద్ధతి. నాకు ఇంకా అంత మనసు రాలేదు. ఆరోగ్యంగానే ఉన్నావనుకుంటాను. పొద్దున్నే నువ్వు దగ్గే దగ్గు గోడ దాటి వినిపిస్తూనే ఉంది.

పక్క గుమ్మానికి పోస్టులో ఉత్తరం పంపేవాణ్ణి ఈ ఊళ్ళో నేనొక్కణ్ణేనని పోస్ట్‌మన్ తంగవేల్ నవ్వుతున్నాడు. నవ్వనీ. నడిమింట గోడ ఉన్నంతకాలం అన్నదమ్ములం మాట్లాడుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాం గాని, రాసుకోకూడదని పెట్టుకోలేదు. తెలుగులో ఎందుకంటే, నీ ఇంట్లో ఇది చదవగలిగేవాడివి నువ్వొక్కడివే. నీ కొడుకు కుమరేశన్ తెలుగులో పోట్లాడగలడు, అక్షరం గుర్తుపట్టలేడు. నాన్న కుప్పం సంత నుంచి వాచకాలు తెచ్చి మనిద్దరికీ కొట్టి నేర్పిన చదువు ఇన్నాళ్ళకు ఇలా పనికొచ్చింది.

సంగతి చెబుతాను. నా సగం ఇల్లు అమ్మేసి కుప్పం పోతున్నాను. బస్టాండు వెనక ఒక చిన్న వాటా చూసుకున్నాను. కారణం వింటే నీకు నవ్వొస్తుంది. గ్రంథాలయాల్లో ఉద్యోగం చేస్తూ ఊరూరా తిరిగాను, తమిళంలో బతికాను, తమిళంలో చదివాను. ఆ భాష మీద నాకే ఫిర్యాదూ లేదు. కాని మన తెలుగు గడప దాటితే నోట్లోనే ఆగిపోతుంది. మీ వదిన పోయాక గడప లోపల కూడా మాట్లాడే మనిషి లేదు. చచ్చేలోపల ఒకసారి వంకాయలు తెలుగులో బేరమాడాలి. బస్సు మీద ఊరి పేరు తెలుగులో చదువుకొని ఎక్కాలి. మంగలి దుకాణంలో తెలుగు పేపరు కోసం ఇంకొకడితో పోటీపడాలి. అంతే నా కోరిక.

విత్తనాల వ్యాపారి దినకరన్ ఇల్లు కొంటానన్నాడు. కొనేముందు పరీక్ష చేయించాలని వినోదిని అనే ఇంజినీరును పంపాడు. ఆ పిల్ల లోపలికి వచ్చి నేరుగా తలుపు పక్కన నేను తగిలించిన క్యాలెండరును పక్కకు జరిపింది. దాని వెనక వేలు దూరేంత పగులు. వాకిట్లో గోడ వెంబడి గుంత తవ్వించింది. తాత కాలంలో వేసిన పునాది, అంత నల్లరాయి కూడా రెండుగా చీలి ఉంది. నేను తెలుగులో గొణుక్కుంటూ తిట్టుకున్నాను. ఎవరినో నీకు తెలుసు.

గుంతలోంచి మాట వచ్చింది. "కొంచెం మెల్లిగా తిట్టండి తాతా, నాకు అర్థమవుతాది."

"నువ్వు తెలుగా అమ్మా?"

"మాది నల్లంపల్లి. ఇంట్లో మాట్లాడతాము, చదివేదానికి రాదు." తల పైకెత్తింది. "ఈ పగులు సరిగ్గా మీ నడిమింటి గోడ వచ్చి తగిలే చోట ఉంది. ఆ గోడ పునాది ఎంత లోతు?"

"లేదు."

"ఏం లేదు?"

"పునాది. నేల మీదనే కట్టాము."

చేతిలోని టేపు చుట్టేసింది. "ఎవరైనా అట్ల కడతారా?"

"చదువుకున్న అన్న, చదువుకోని తమ్ముడు కలిస్తే కడతారు," అన్నాను.

ఆ పిల్ల చెప్పింది ఇది. నడిమింటి గోడ నేలలోకి దిగిపోతోంది. దాన్ని ముందు గోడలోకీ వెనక గోడలోకీ ఇటుకలు జొనిపి కట్టారు కనుక, తాను దిగుతూ ఆ రెండింటినీ కిందికి లాగుతోంది. పునాదులు పగిలింది అందుకే. పైగా నువ్వు దాని మీద మేడగది వేసి నీ వ్యాపారపు చింతపండు మూటలు పేర్చావు.

నువ్వు మరిచిపోయి ఉంటావు, గుర్తు చేస్తాను. నేను దిండుక్కల్‌లో ఉద్యోగంలో ఉండగా, నా పెట్టెలోని తెలుగు పుస్తకాలు తీసి పాత కాగితాలవాడికి అమ్మినవాడివి నువ్వు. ఎందుకమ్మావంటే, "ఎవరికీ చదవరాని కాయితాలు" అన్నావు. నువ్వు చదవగలవు, నేను చదవగలను. మనిద్దరం ఎవరమూ కామా? ఆ మాట మీదనే ఇల్లు చీల్చాం. గోడకు పునాది తవ్వుదామని నేనన్నాను. నడిమింట గుంత తవ్వితే వంశానికి కీడని, నీ పక్కన గడ్డపార వేయనివ్వనని అడ్డంగా నిలబడ్డావు. మంచం మీద అమ్మ చూస్తూ ఉంది, ఒక్క మాట అనలేదు. నీ మూఢత్వాన్ని ఈ రోజు నేను మోస్తున్నాను.

ఇప్పుడైనా తవ్వనివ్వు. పునాది వేయించి, ఇల్లు అమ్మి, నీ దగ్గు వినపడనంత దూరం పోతాను.

ఇట్లు,
తూర్పు సగం యజమాని
సుబ్బరాయప్ప


ధర్మపురి

అన్నకు రాఘవన్ నమస్కారం.

నీ జాబు చేరింది. చదివేదానికి రెండు పొద్దులు పట్టింది. నీ అక్షరాలు చీమల మాదిరి ఉండాయి.

పుస్తకాలు అమ్మినాను, నిజమే. సగం చెదలు తినేసి ఉండె. ఆ సంగతి నువ్వు రాయలేదు. చింతపండు మూటలు బరువు అంటివి. ఆ ఇంజినీరమ్మి నా పక్కకీ వచ్చి చూసింది. అదే గోడకు నీ పక్కన కడప రాళ్ళు దిగ్గొట్టి, పైదాకా అల్మారా కట్టించి, మళ్ళీ పుస్తకాలే నింపినావంట. చింతపండైనా పులుసుకు పనికొస్తుంది.

తవ్వేదానికి అప్పుడు ఒప్పలేదు, ఇప్పుడూ ఒప్పను. నువ్వు అమ్ముకో, పో. కుప్పంలో వంకాయలు బాగుంటాయంట.

ఇట్లు
రాఘవన్


ధర్మపురి,
శనివారం

రాఘవా,

సంతోషించు. దినకరన్ వెనక్కి తగ్గాడు. పగిలిన ఇల్లు మాకెందుకని ఫోన్‌లో మర్యాదగా చెప్పాడు. మర్యాదగా చెప్పినందుకు మరీ మండింది.

వినోదిని మళ్ళీ వచ్చింది. నువ్వు ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా ఇక ఆ గోడ కింద తవ్వడానికి లేదట. గడ్డపార తగిలితే గోడ ఎవరో ఒకరి మీద పడుతుందట. ఉన్న దారి ఒకటే. మేడగది ఖాళీ చేయాలి, నా అల్మారా ఖాళీ చేయాలి, పైకప్పుకు ఇనుప దూలం ఎత్తి, గోడను మొత్తం తీసేయాలి. ఆ తర్వాత బయటి పునాదుల చుట్టూ కాంక్రీటు పోయాలి. వానల్లోపల ఇది చేయకపోతే ముందు గోడ నిలవదని, అందాకా నీ వైపు గాని నా వైపు గాని ఎవరూ ఆ గోడ పక్కన పడుకోవద్దని చెప్పిపోయింది. మంచం వంటింట్లోకి లాక్కున్నాను. పొయ్యికీ నీళ్ళ తొట్టికీ నడుమ, కాళ్ళు ముడుచుకొని పడుకుంటున్నాను.

గోడ తీసేస్తే నాకు సగం అనేది ఎక్కడుంటుంది? లేని సగాన్ని ఎవరు కొంటారు? తీయకపోతే ఇల్లే ఉండదు. కుప్పం ఆసామి ఈ నెలాఖరు దాకా వాటా ఆపుతానన్నాడు. సంచి సర్దుకొని కూర్చున్న మనిషి కాళ్ళ మీద ఇల్లు ఎక్కి కూర్చుంది. లోకంలో ఎన్నో రకాల చెరల గురించి చదివాను. తన వాటా తాళంచెవి తన జేబులోనే పెట్టుకొని ఖైదులో ఉన్నవాడి గురించి ఎక్కడా చదవలేదు.

ఒక్కటి మాత్రం అడుగుతాను. ఇన్నాళ్ళూ అడగలేదు, అడిగితే నాకు తక్కువనుకున్నాను. వాస్తు మీద నేను చదవని పుస్తకం లేదు. నువ్వు చదివింది ఒక్కటీ లేదు. రాహుకాలంలో లారీకి లోడు ఎత్తించే మనిషివి నువ్వు. కుమరేశన్ పెళ్ళికి ముహూర్తం పెట్టిన అయ్యవారినే, మండపం ఖాళీ లేదని, రోజు మార్చమన్నావు. అలాంటివాడికి ఆ ఒక్క రోజు నడిమింట గుంత మీద అంత భయభక్తులు ఎక్కడినుంచి వచ్చాయి? ఎందుకు తవ్వనివ్వలేదు?

ఇట్లు,
ఏ సగానికీ యజమాని కాని
సుబ్బరాయప్ప


ధర్మపురి

అన్నకు,

నువ్వు అడగాల అని ఇన్నాళ్ళు కాచుకోనుంటిని. అడిగినావు కాబట్టి చెప్తా ఉండాను.

నాకు వాస్తూ తెలీదు, గీస్తూ తెలీదు. అమ్మ చెప్పింది. మేస్త్రి వచ్చే ముందు రోజు నన్ను మంచం కాడికి పిలిచి చెప్పింది. "మీరు గోడ కట్టేది నేను ఆపలేను. పునాది మాత్రం వెయ్యనియ్యొద్దురా. నేల మీద కట్టింది ఎప్పుడో ఒకనాడు దిగుతుంది. దిగితే మీరిద్దరూ కలిసి తియ్యాల్సి వస్తుంది" అనె. అన్నతో నువ్వే చెప్పమ్మా అంటిని. "వాడు చదివినోడు, నాతో వాదిస్తాడు. నీ మాదిరి మొండోణ్ణి గెలవలేడు" అనె. ఇంకోటి కూడా అనె. "వాడుగా వచ్చి ఎందుకని అడిగినప్పుడే చెప్పు. అడగకపోతే చెప్పొద్దు."

నువ్వు అడగలేదు. నన్ను మూఢుడని ఊరంతా చెప్పుకొంటివి. నేను ఆ మాటలన్నీ పడినాను.

మూటలు రేపు దించుతాను. నీ పుస్తకాలు మోసేదానికి మనుషులు కావాలంటే మన హమాలీలను పంపుతాను.

ఇట్లు
రాఘవన్


ధర్మపురి,
గురువారం

తమ్ముడు రాఘవకు,

ఆశీర్వాదాలు. మొదటి ఉత్తరంలో రాయనిది కూడా ఇందులోనే కలుపుకో.

అమ్మ గురించి నువ్వు రాసింది చదివాక నాకు కన్నీళ్ళు రాలేదు, కోపం వచ్చింది. మంచం దిగలేని మనిషి, ఇద్దరు మగవాళ్ళను ఇన్నేళ్ళ ముందే పట్టి కట్టేసింది. నా కుప్పం పోయింది. దినకరన్ కోసం వేలాడదీసిన క్యాలెండరు పోయింది. గోడ కట్టిన మర్నాడు ఆమె పడమటి సగంలో పడుకుంటానని నీ వైపు వచ్చేస్తే, నన్ను కాదనుకుందని ఇన్నాళ్ళూ లోపల పెట్టుకున్నాను. గోడ దిగుతుందేమో, నువ్వు నోరు జారతావేమో దగ్గరుండి చూసుకోవడానికే అక్కడ పడుకుందని ఇప్పుడు అనుకుంటున్నాను. అలా అనుకోవడం నాకు తేలికగా ఉంది, అందువల్ల అది నిజం కాకపోవచ్చు.

నిన్నటి సంగతి నీకు తెలిసిందే. అయినా రాస్తాను, నాకు రాస్తేనే జరిగినట్టు ఉంటుంది. మేస్త్రి కన్నప్పన్ పైనుంచి ఇటుకలు దించుతూ దించుతూ మనిషి ఎత్తుకు వచ్చాడు. అటువైపు ముక్కాలిపీట ఎక్కి నువ్వు తల పెట్టావు.

"అన్నా."

నేను మిగిలిన గోడను వేలితో చూపించాను.

"ఒట్టు గోడ ఉన్నంత వరకే కదా. ఇంకా సగముంది. నేను సగమే మాట్లాడతాలే."

కన్నప్పన్ నవ్వాడు. నువ్వు నా మొదటి ఉత్తరం గోడ మీదుగా నా చేతిలో పెట్టావు. "దీంట్లో ఈ కాయితం సరిగా తెలియలేదు. కంటికి పొర వచ్చింది. ఇంట్లో చదివి చెప్పేదానికి ఎవరికీ రాదు. నువ్వే చదువు."

అది పుస్తకాల పేజీ. నిన్ను మూఢుడన్న పేజీ. తప్పించుకుందామంటే వెనక ఊడదీసి పేర్చిన అల్మారా రాళ్ళు, పక్కన పైకప్పుకు ఆనించిన ఇనుప గుంజలు, ముందు నీ మొహం. చదివాను. మొదట గొణిగాను, తర్వాత గొంతు సర్దుకొని చదివాను. కన్నప్పన్ తాపీ పక్కన పెట్టాడు. మెట్ల మీంచి కుమరేశన్ ఏంటప్పా అది అని తమిళంలో అడిగితే, నువ్వు చెయ్యి ఊపి, "మీ పెద్దనాయన నన్ను తిడతా ఉండాడు. ఊరికే ఉండు," అన్నావు.

అయిపోయాక నువ్వు గోడ మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకొనే ఉన్నావు. "ఇంకోసారి చదువు," అన్నావు.

రెండోసారి మొదటిసారి కంటే బాగా చదివాను.

కుప్పం ఆసామికి వాటా వద్దని చెప్పాను. నేను నిన్ను క్షమించానని అనుకోవద్దు. చెదలు సగమే తిన్నాయని నువ్వే రాశావు, మిగిలిన సగం ఎందుకు అమ్మావో చెప్పలేదు. గోడ పోయాక నీ టీవీ నా మంచం వైపు తిప్పితే ఊరుకోను. దగ్గుకు కషాయం తాగు.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు, తంగవేల్‌కు పాపం కాలక్షేపం పోయింది. మిగిలిన గోడ మీద, ఇటుక కింద పెడుతున్నాను. అక్షరాలు పెద్దవిగా రాశాను. అయినా కనపడకపోతే పిలువు.

అన్న